పోని చుట్టాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా అరగంట మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను చేసేది విద్యుత్ సబ్‌స్టేషన్ల పని. ట్రాన్స్‌ఫార్మర్లు, బ్రేకర్లు, రిలేలు. వాటి గురించి అరగంట చెబితే హాల్లో సగం మంది టీకి లేస్తారు. అందుకని నా పని పక్కన పెట్టి, ఈ మూడు నాలుగేళ్ళుగా పుస్తకాలు తిరగేసి, తెలిసిన డాక్టర్లను విసిగించి నేర్చుకున్న విషయం ఒకటి చెబుతాను. నేను డాక్టరును కాను. మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది డాక్టర్లు ఉన్నారు. ఎవరికి ఏ మందు అన్నది వాళ్ళను అడగండి. ఎందుకు, ఎలా అన్నది మాత్రం నేను చెప్పగలను. ఇంజనీర్లకు ఆ జబ్బు ఎలాగూ ఉంటుంది.

ముందుగా ఒక ప్రశ్న. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు హాలంతా. ఇప్పుడు, ఆ ఆటలమ్మ మీ ఒంట్లోంచి పూర్తిగా వెళ్ళిపోయిందని అనుకునేవాళ్ళు చేతులు అలాగే ఉంచండి. ఇంకా చాలా చేతులు ఉన్నాయి. క్షమించాలి, ఆ చేతులన్నీ దించవలసిందే. అది వెళ్ళలేదు. ఈ నిమిషాన కూడా మీ వెన్నెముక పక్కన, నరాల ముడుల్లో ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళ వంక అలా చూడకండి, మీలోనూ ఉంది.

ఆటలమ్మ పోస్తే మన ఇళ్ళలో ఏం చేసేవారో మీకు గుర్తుండే ఉంటుంది. గుమ్మానికి వేపమండలు, పక్క మీద వేపాకు, చప్పిడి కూడు. పొక్కులు ఎండాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలారా పోసి, "అమ్మవారు దిగిపోయింది" అనేవారు. చర్మం మీద నుంచి దిగిపోయిన మాట నిజమే. దిగి ఎక్కడికి వెళ్ళింది? ఈ రోజు నేను చెప్పబోయే కథంతా అదే.

వైరస్‌లు మన ఇంటికి వచ్చే చుట్టాల లాంటివి అనుకుందాం. కొందరు చుట్టాలు వస్తారు, ఇల్లు పీకి పందిరేస్తారు, వారం తిరక్కుండా వెళ్ళిపోతారు. జలుబు, ఫ్లూ, తట్టు, కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు, ఇవన్నీ ఆ జాతి. ఇంకొందరు చుట్టాలు వచ్చి, కాసేపు హడావుడి చేసి, తర్వాత ఇంట్లోనే ఒక మూల గదిలో తలుపు వేసుకుని ఉండిపోతారు. ఆటలమ్మ వైరస్, జ్వరం వచ్చినప్పుడల్లా కొందరికి పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్, హెపటైటిస్-బి, హెచ్ఐవీ ఈ జాతివి. ఇది అరుదైన సంగతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ళ లోపు వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో ఆ పెదవి పొక్కుల వైరస్ ఉంది. ఎప్స్‌టైన్-బార్ అనే ఇంకో వైరస్ పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఉంటుంది. దాని పేరు కూడా వినకుండానే చాలామంది జీవితం గడిచిపోతుంది.

వెళ్ళిపోయే చుట్టానికి ఒక మంచి ఉదాహరణ చెబుతాను. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో డెన్మార్క్ పాలనలో ఫెరో అనే దీవులున్నాయి. అక్కడ 1781లో తట్టు వచ్చింది, పోయింది. తర్వాత 65 ఏళ్ళ పాటు ఆ దీవుల్లో ఒక్క తట్టు కేసు లేదు. 1846లో మళ్ళీ బయటి నుంచి వచ్చినవాళ్ళతో దిగింది. ఇంచుమించు 7,800 జనాభాలో సుమారు 6,000 మంది పడకేశారు. అప్పుడు డెన్మార్క్ ప్రభుత్వం పానుమ్ అనే కుర్ర డాక్టరును పంపింది. ఆయన ఊరూరా తిరిగి చూస్తే, 1781లో చిన్నతనంలో తట్టు వచ్చిన ముసలివాళ్ళెవరికీ ఈసారి రాలేదని తేలింది. 65 ఏళ్ళ కింద వచ్చి వెళ్ళిన చుట్టాన్ని శరీరం ఇంకా గుర్తుపెట్టుకుంది. కానీ ఆ చుట్టం మాత్రం ఆ ముసలివాళ్ళలో లేదు. ఉండి ఉంటే ఆ 65 ఏళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడి మనవలకు అంటుకునేది. దీవికి తట్టు రావాలంటే మళ్ళీ ఓడ రావలసి వచ్చింది.

ఆటలమ్మకు ఓడ అక్కర్లేదు. తాతలో ఉంటుంది, మనవడికి అంటుతుంది. అదెలాగో చెప్పేముందు, అసలు వైరస్ ఎక్కడ దాక్కుంటుందో చూద్దాం.

సైన్సు క్లాసులో మా మాస్టారు నల్లబల్ల మీద కణం బొమ్మ గీసి, మధ్యలో గుండ్రంగా కేంద్రకం పెట్టేవారు. కణాన్ని ఒక ఇల్లు అనుకుంటే కేంద్రకం బీరువా ఉన్న గది. అసలు దస్తావేజులు అంటే మన డీఎన్ఏ ఆ బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆ దస్తావేజు చూసి రాసుకున్న చీటీలు ఆర్ఎన్ఏ. చీటీలు బయటి గదుల్లోకి వస్తాయి, వాటిని బట్టి పని జరుగుతుంది, పనయ్యాక చిరిగిపోతాయి.

ఫ్లూ, తట్టు, హెపటైటిస్-ఎ వైరస్‌లకు ఉన్నవి చీటీలే, దస్తావేజు లేదు. కణంలోకి వచ్చాక ఆ చీటీకి నకలు మీద నకలు తీస్తూ పోతేనే వాటికి బతుకు. నకలు తీస్తున్నంతసేపు గొడవ, గొడవ ఉన్నచోటికి మన రక్షకభట కణాలు వస్తాయి, ఆ కణంతో సహా వైరస్‌ను తుడిచేస్తాయి. బీరువాలో పెట్టుకున్నది ఏమీ లేదు కాబట్టి కథ అక్కడితో సరి. తట్టు వైరస్ మెదడులో మిగిలిపోయిన బహు అరుదైన సందర్భాలు ఉన్నాయి, వాటిని పక్కన పెడుతున్నాను.

మశూచి, అదే పెద్దమ్మవారు, ఇంకో రకం. దానికి డీఎన్ఏ ఉంది. కానీ అది బీరువా గదిలోకి అడుగు పెట్టదు, వరండాలోనే దుకాణం పెట్టి అక్కడే నకళ్ళు తీసుకుంటుంది. అందుకని అదీ దాక్కోలేదు. మనిషి బతికితే వైరస్ పోవాలి, లేదా మనిషే పోవాలి. ఈ గుణం కూడా ఉండటం వల్ల దాన్ని భూమి మీద లేకుండా చేయగలిగాం. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో వచ్చింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది పోయిందని ప్రకటించింది. టీకా వేసుకుంటూ పోతే ఆ వైరస్‌కు తలదాచుకునే చోటు లేకుండా పోయింది. చిన్నమ్మవారి విషయంలో అలా కుదరదు. టీకాతో కొత్త కేసులన్నీ ఆపినా, ఇప్పటికే పోసినవాళ్ళందరిలో ఒక ప్రతి భద్రంగా ఉంది.

ఆటలమ్మ వైరస్‌కు డాక్టర్లు పెట్టిన పేరు వారిసెల్లా జోస్టర్. అది ముక్కు, గొంతుల ద్వారా లోపలికి వెళ్ళి, రక్తంలో తిరిగి, రెండు వారాలకు చర్మం మీద పొక్కులుగా తేలుతుంది. చర్మంలో స్పర్శ, నొప్పి తెలిపే నరాల కొసలు ఉంటాయి కదా, కొన్ని వైరస్‌లు ఆ కొసల్లోకి దూరి నరం వెంబడి లోపలికి ప్రయాణించి, వెన్నెముక పక్కన ఉండే నరాల ముడుల్లోకి, ముఖానికైతే చెవికి ముందు పుర్రె లోపల ఉండే ముడిలోకి చేరతాయి. అక్కడి నాడీ కణాల కేంద్రకంలోకి తమ డీఎన్ఏను చేర్చి, దాన్ని గాజులా గుండ్రంగా చుట్టి, ఊరుకుంటాయి.

ఆ చోటు ఎంచుకోవడంలో ఉన్న సౌకర్యం చూడండి. చర్మకణాలు వారాల్లో రాలిపోతాయి. రక్తకణాలు నెలల్లో మారిపోతాయి. నాడీ కణం మాత్రం మనతో పుట్టి మనతో పోయేది, విభజన చెందదు. ఇల్లు కూలదు, కాబట్టి బీరువా కూడా కూలదు. రెండోది, శరీరం నాడీ కణాన్ని అంత తేలిగ్గా చంపుకోదు. పోతే మళ్ళీ రాదు కాబట్టి ఆచితూచి వ్యవహరిస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: మౌనం. ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను గోడ మీద ప్రదర్శనకు పెడుతుంది. టి కణాలు అనే కాపలాదారులు వీధుల్లో తిరుగుతూ ఆ ముక్కలను తడిమి చూస్తాయి. పరాయి ముక్క కనబడితే పట్టుకుంటాయి. దాక్కున్న వైరస్ దాదాపు ఏ ప్రొటీనూ తయారుచేయదు కాబట్టి గోడ మీద పెట్టడానికి ఏమీ ఉండదు. మా సబ్‌స్టేషన్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి రోజే ఒక మాట చెబుతాం: తీగలో కరెంటు ఉందో లేదో కంటితో చూస్తే తెలియదు అని. కాపలాదారుల పరిస్థితీ అంతే.

మందుల పరిస్థితి కూడా అదే. ఎసైక్లోవిర్ అనే మందు ఈ జాతి వైరస్‌ల మీద పనిచేస్తుంది. దాన్ని తయారుచేసిన బృందానికి చెందిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ తన డీఎన్ఏకు నకళ్ళు తీస్తున్నప్పుడు ఆ మందు మధ్యలో దూరి గొలుసు తెంపుతుంది. నకలే తీయకుండా పడుకున్న వైరస్‌ను అది ఏమీ చేయలేదు. నడుస్తున్న మిల్లును ఆపగలం కానీ, ఆగి ఉన్న మిల్లును ఏం ఆపుతాం?

ఇక తాత, మనవడి సంగతి. యాభై దాటాక కొందరికి ఒంటికి ఒక పక్కన, నడుము చుట్టో ఛాతీ మీదో, పట్టీ వేసినట్టు పొక్కులు లేచి భగభగ మండుతాయి. మనం సర్పి అంటాం. ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ పనులని మొదట పసిగట్టినవాళ్ళలో హంగేరీ పిల్లల డాక్టరు బోకాయ్ ఒకరు. ఇంట్లో పెద్దవాళ్ళకు సర్పి లేచాక అదే ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ పోస్తోందని 19వ శతాబ్దం చివర్లోనే ఆయన గమనించారు. 1950లలో అమెరికాలో థామస్ వెల్లర్ రెండు జబ్బుల పొక్కుల్లోంచీ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచి, రెండూ ఒకటేనని చూపించారు.

అయితే ఇన్నేళ్ళూ అది ఎక్కడుంది, ఎందుకు లేచింది అన్నదానికి మంచి సమాధానం ఇచ్చింది హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు పల్లెటూరి డాక్టరు. సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్ళో ఆయన ప్రాక్టీసు. దగ్గర ఉన్నది పెద్ద ప్రయోగశాల కాదు, రోగుల రిజిస్టరు. సుమారు 3,500 మంది జనాభాలో 16 ఏళ్ళపాటు వచ్చిన 192 సర్పి కేసులను వయసుతో సహా రాసుకున్నారు. వయసు పెరిగేకొద్దీ సర్పి పెరుగుతోందని, చలికాలమనీ ఎండాకాలమనీ ఊళ్ళో ఆటలమ్మ తిరుగుతోందనీ దానికి పట్టింపు లేదని తేలింది. అంటే బయటి నుంచి అంటుకుంటున్నది కాదు, లోపలి నుంచి లేస్తున్నది. వైరస్ అప్పుడప్పుడూ తల ఎత్తుతూనే ఉంటుంది, కాపలా గట్టిగా ఉన్నంతకాలం అణిగిపోతుంది, కాపలా బలహీనపడ్డ రోజున పైకి వస్తుంది అని 1965లో ఆయన రాసిన వ్యాసం సారాంశం. గురువులు ఎంతోమంది ఈ సభలో ఉన్నారు కనుక మనవి చేస్తున్నాను: శ్రద్ధగా రాసిన ఒక రిజిస్టరు కూడా ఎంత సైన్సు చెప్పగలదో పిల్లలకు చూపించడానికి ఇది మంచి పాఠం.

వైరస్ వైపు నుంచి చూస్తే ఇదంతా చక్కని ఏర్పాటు. తట్టు ఆగకుండా తిరుగుతూ ఉండాలంటే కొన్ని లక్షల మంది జనం ఉన్న ఊరు కావాలి, ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు దొరకాలి. ఆటలమ్మకు చిన్న పల్లె చాలు. ఊళ్ళో పిల్లలందరికీ ఒకసారి పోసేశాక, యాభై ఏళ్ళు నరాల ముడిలో పడుకుని, తాత ఒంటి మీద సర్పిగా లేచి, ఆ పొక్కుల నీటి ద్వారా అప్పటికి పుట్టిన మనవడికి అంటుకుంటుంది. మనవడికి వచ్చేది సర్పి కాదు, ఆటలమ్మ. మనుషులు గుంపులుగా, చిన్న గూడేలుగా బతికిన వేల ఏళ్ళు ఈ వైరస్ మనతో నడిచి వచ్చింది ఈ ఉపాయంతోనే.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మా బ్యాచ్‌లో అందరం యాభై దాటాం. రెండేళ్ళ కింద మా మిత్రుడొకడు గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. వీపు మీద నుంచి రొమ్ము దాకా ఎర్రటి పొక్కులు. అరగంటలో నలభై సలహాలు వచ్చాయి. జేగురు రాయమని ఒకరు, పసరు పూయమని ఒకరు, సర్ప దోషమని ఒకరు. రెండు కొసలూ కలిస్తే ప్రాణానికే ముప్పని ఇంకొకరు భయపెట్టారు. వాడు ఊళ్ళో మంత్రం వేయించుకుని, పసరు రాసుకుని, తొమ్మిదో రోజున పొక్కులు పుండ్లయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పొక్కులు మానాయి. మంట మానలేదు. ఏడాది దాటినా చొక్కా గుడ్డ తగిలితే నిప్పు పెట్టినట్టు ఉండేది. ఎండాకాలం రాత్రుళ్ళు ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేక బయట అరుగు మీద కూర్చునేవాడు. వాడి అనుమతితోనే చెబుతున్నాను. "నాకైంది చాలు, మిగతావాళ్ళకు చెప్పు" అన్నాడు.

అందుకని నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. మొదటిది, సర్పి ఒక పక్కకే వస్తుంది. ఒక్కో నరాల ముడి ఒంటికి ఒక పక్క ఒక పట్టీకి మాత్రమే స్పర్శ తెస్తుంది, వైరస్ లేచింది ఆ ఒక్క ముడిలో. కొసలు కలిసే ప్రశ్న మామూలుగా రాదు. రెండోది, పొక్కులకు రెండు మూడు రోజుల ముందే మంట, సలుపు మొదలవుతాయి. ఒక పక్కనే తీవ్రమైన మంట ఉంటే చర్మం మీద కన్నేసి ఉంచండి. మూడోది, పొక్కు లేచిన 72 గంటల లోపు వైరస్ మందు మొదలుపెడితే ఫలితం ఎక్కువ. ఎందుకో ఇందాక చెప్పాను: నకళ్ళు తీస్తున్నప్పుడే ఆ మందు పనిచేసేది. నాలుగోది, నుదుటి మీద, కంటి చుట్టూ, ముక్కు కొస మీద పొక్కులు లేస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చూపు పోయే ప్రమాదం ఉంది.

సర్పి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ముగ్గురిలో ఒకరికి వస్తుందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. యాభై తర్వాత అవకాశం పెరుగుతూ పోతుంది, ఎందుకంటే కాపలా కాసే టి కణాలకు కూడా మనతో పాటు వయసు మీద పడుతుంది. స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు, మూత్రపిండం మార్పిడి తర్వాత వాడే మందులు ఆ కాపలాను ఇంకా తగ్గిస్తాయి. దీనికి ఒక టీకా ఉంది, షింగ్రిక్స్ అని. 50 ఏళ్ళు దాటినవారికి, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు మోతాదులు. మన దేశంలోకి 2023లో వచ్చింది. పరీక్షల్లో నూటికి 90కి పైగా రక్షణ కనబడింది. అందులో ఉన్నది వైరస్ పైపొరకు చెందిన ఒక ప్రొటీను, దాంతో పాటు కాపలాదారులను తట్టిలేపే మందు. ఆ టీకా మీ నరాల్లో ఉన్న వైరస్‌ను బయటికి పంపదు. కాపలాను మళ్ళీ నిలబెడుతుంది, అంతే. ఖరీదు ఎక్కువే. మీకు అవసరమా కాదా అన్నది మీ డాక్టరును అడగండి, అడగడం మాత్రం వాయిదా వేయకండి.

ఇప్పుడు బీరువా సంగతి ఎంత నిజమో చూపించే ఇంకో జంటను చూద్దాం. హెపటైటిస్-సి, హెపటైటిస్-బి. రెండూ కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండి, చివరికి కాలేయం గట్టిపడేలా చేసి, క్యాన్సర్ కూడా తేగలిగినవే. కానీ హెపటైటిస్-సికి ఉన్నది చీటీ మాత్రమే. అది ఉండిపోయేది నిరంతరం నకళ్ళు తీసుకుంటూనే, రూపం మార్చుకుంటూనే. కాబట్టి నకళ్ళు తీయడాన్ని కొన్ని వారాల పాటు గట్టిగా ఆపితే అది పూర్తిగా పోతుంది. ఇప్పుడు ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది. ఇంతకుముందు జీవితాంతం అనుకున్నది ఇప్పుడు మూడు నెలలు.

హెపటైటిస్-బి అలా కాదు. అది కాలేయ కణం కేంద్రకంలోకి వెళ్ళి తన డీఎన్ఏను రెండు కొసలూ కలిపి గుండ్రటి దస్తావేజుగా చేసి బీరువాలో పెడుతుంది. మంచి మందులు ఉన్నాయి, టెనోఫోవిర్ వంటివి. అవి నకళ్ళను దాదాపు సున్నాకు తెస్తాయి, కాలేయాన్ని కాపాడతాయి. అసలు కాగితం మాత్రం బీరువాలోనే ఉంటుంది. అందుకే చాలామంది మందు ఏళ్ళ తరబడి వాడవలసి వస్తుంది. ప్రపంచంలో ఇలా ఉన్నవాళ్ళు 25 కోట్లకు పైనే.

ఈ వైరస్ ఉండిపోతుందా వెళ్ళిపోతుందా అన్నది చాలావరకు అది సోకిన వయసును బట్టి ఉంటుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని అణచివేస్తారు. పుట్టుకతో తల్లి నుంచి సోకితే నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పసికందు శరీరం ఏది సొంతమో ఏది పరాయో ఇంకా నేర్చుకుంటున్న దశలో ఉంటుంది, అప్పుడు ఇంట్లో ఉన్నవాణ్ణి ఇంటివాడే అనుకుంటుంది. అందుకే పుట్టిన 24 గంటల లోపు మొదటి టీకా వేయాలంటారు. మీ ఇళ్ళలో మనవలు, మనవరాళ్ళు పుట్టబోతున్నారు. ఆ మొదటి రోజు టీకా పడిందా లేదా అని అడగడం ఇప్పుడు మన వంతు.

ఈ టీకాకు మన హైదరాబాదుతో సంబంధం ఉంది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఆయన చదివింది వైద్యం కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. అప్పటికి ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడికి అందే ధర కాదు. 1997లో శాన్‌వాక్-బి పేరుతో మన దేశంలోనే జన్యు సాంకేతికతతో ఆ టీకా తయారుచేసి, ధరను నేలకు దించారు. మన ఇంజనీర్ల తరఫున ఆ మాట ఇక్కడ చెప్పుకోవడం నాకు సంతోషం.

ఇక చెప్పవలసిన కష్టమైన మాట ఒకటుంది. మన బడిలో చదివిన ఒకరు, ఏ బ్యాచో చెప్పను, పదేళ్ళ కింద రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చారు. తర్వాత కబురు వచ్చింది, హెపటైటిస్-బి ఉందని. ఒంట్లో ఏ బాధా లేదు. బహుశా పుట్టుకతోనే ఉండి ఉంటుంది. ఆ మాట ఇంట్లో చెప్పిన మర్నాటి నుంచి ఆయన కంచం, గ్లాసు వేరయ్యాయి. అన్నగారి ఇంట్లో పెళ్ళికి "నువ్వు రాకపోతేనే మంచిదేమో" అన్నారు. మన కలయికలకు కూడా ఆయన రావడం మానేశారు. ఆయనను చంపుతున్నది ఆ వైరస్ కాదు. క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటున్నారు, కాలేయం బాగుంది. మనుషులు దూరం కావడమే ఆయన్ని తినేస్తోంది.

కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. హెపటైటిస్-బి రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పక్కన కూర్చుంటే రాదు. ఒకే పంక్తిలో తింటే రాదు. చేయి కలిపితే, కౌగిలించుకుంటే రాదు. షేవింగు బ్లేడు, టూత్‌బ్రష్షు ఎవరివి వాళ్ళవి ఉండాలి, ఇంట్లో మిగతావాళ్ళు టీకా వేయించుకోవాలి. అంతకు మించి జాగ్రత్త అక్కర్లేదు. హెచ్ఐవీ కూడా పక్కన కూర్చుంటే, కలిసి తింటే రాదు. అది ఇంకో అడుగు ముందుకు వేసి, తన దస్తావేజును మన దస్తావేజులోనే కలిపి కుట్టేస్తుంది, అందుకే దాన్ని ఏరివేయడం అంత కష్టం. అయినా రోజూ మందు వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి వచ్చిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా అది ఇతరులకు సోకదు.

"జీవితాంతం ఉంటుంది" అన్న మాట విని మనం రెండు రకాలుగా దెబ్బతింటున్నాం. ఒకటి, ఇక బతుకు అయిపోయిందని భయపడటం, ఎదుటివాణ్ణి భయపెట్టడం. రెండోది, ఎలాగూ పోదు కదా అని పరీక్షలు, మందులు మానేయడం. ఒంట్లో ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్నది కాపలా. ఆ కాపలాను నిలబెట్టుకోవడానికి మన చేతిలో ఇప్పుడు టీకాలు, మందులు, పరీక్షలు ఉన్నాయి. మా రిలేలు కూడా ఏళ్ళ తరబడి ఏ పనీ లేకుండా కూర్చుంటాయి. అయినా ప్రతి ఏడాదీ వాటిని పరీక్షిస్తాం, ఎందుకంటే పని పడిన రోజున అవి పనిచేయాలి.

సంఘానికి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను. ఒకటి, ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన బడి ఆవరణలో ఒక రోజు హెపటైటిస్-బి, హెపటైటిస్-సి రక్త పరీక్షల శిబిరం పెడదాం. ఎవరి ఫలితం వాళ్ళకే, కవరులో పెట్టి ఇవ్వాలి. నా వంతు ఖర్చు నేను ఇస్తాను. రెండు, క్యాన్సర్‌కో కీళ్ళవాతానికో గట్టి మందులు మొదలుపెట్టబోయేవాళ్ళు ముందుగా హెపటైటిస్-బి పరీక్ష జరిగిందా అని డాక్టరును అడగండి. ఎప్పుడో అణిగిపోయిన వైరస్ ఆ మందులతో కాపలా సడలినప్పుడు మళ్ళీ లేవగలదు. మూడు, మన కలయికలకు రావడం మానేసినవాళ్ళ పట్టిక ఒకటి తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దాం. ఎందుకు రావడం లేదో అడగనక్కర్లేదు. భోజనాల్లో పక్కన కుర్చీ ఉంచామని చెబితే చాలు.